భాంగ్రాకు నేనిచ్చిన మూడు మార్కులు

పదికి మూడు ఇచ్చాను. అందులో ఒకటి, ఎనిమిది మందీ వేళకు వేదిక ఎక్కినందుకు. ఒకటి, ఎవరూ కింద పడనందుకు. మూడోది ఎందుకిచ్చానో నాకే తెలియదు. పక్కన కూర్చున్న ఇద్దరు జడ్జీల ముఖం చూసి మొహమాటపడి ఉంటాను. ఆ మొహమాటానికి ఆ రాత్రే దేవుణ్ణి క్షమాపణ అడిగాను.

దోహాలో నేను స్కూల్ బస్సు నడుపుతాను. ఉమ్ ఘువైలినాలో నలుగురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటాం. శుక్రవారం ఉదయం మా తెలుగు క్రైస్తవ సంఘంలో పాటలు నడిపించేది నేనే. మాది గోదావరి జిల్లా. అక్షరాల కంటే ముందు కీర్తనలు వచ్చాయి నాకు. తొమ్మిదో ఏట మా ఊరి సంఘపెద్ద తన పక్కన కూర్చోబెట్టుకుని నా ఒళ్లో డోలక్ పెట్టారు. మచ్చ ఉన్న గొర్రెపిల్లను బలిపీఠం దగ్గరికి తేకూడదని ఆయన చెబుతుంటే విని పెరిగినవాణ్ణి. తాళం తప్పినవాణ్ణి నేను క్షమించగలను కానీ, వాడు బాగా వాయించాడని మాత్రం చెప్పలేను.

ఆ చలికాలం ఏషియన్ టౌన్‌లో కార్మికుల క్యాంపుల మధ్య భాంగ్రా పోటీలు పెట్టారు. ఏ భాష వాళ్లయినా చేరవచ్చన్నారు. జడ్జీలు కూడా ఒక్కొక్కరు ఒక్కో భాష వాళ్లుండాలని ట్రైలర్ నడిపే ఒక సర్దార్జీని, డాన్స్ నేర్పే ఒక మలయాళీ టీచరమ్మను పిలిచారు. మూడో కుర్చీకి డోలక్ వాయించే తెలుగువాడు కావాలని నా దగ్గరికి వచ్చారు. ఆరాధనకు వాయించేవాణ్ణి, తమాషాలకు తీర్పు చెప్పనన్నాను. మా పాస్టరు గారే వెళ్లమన్నారు. బైబిల్లో దేవుడి మందసం ముందు రాజు నాట్యమాడలేదా, నాట్యంలో ఏం పాపముంది అన్నారు. పాపం సంగతి సరే. అక్కడ నాట్యం ఉంటుందో లేదో ఆయన ఆలోచించలేదు.

తొమ్మిది జట్లలో ఒకటి తెలుగు జట్టు. దాని నాయకుడు మా సంఘస్థుడే, కడప వైపు మనిషి. రెండేళ్ల పాటు ఆరాధన అయ్యాక ఉండిపోయి నా దగ్గర డోలక్ నేర్చుకున్నాడు. ఈ సంగతి పోటీ పెట్టినవాళ్లకు ముందే చెప్పాను. ఖతార్‌లో ఎవరికి ఎవరు తెలియరు? కూర్చోండి అన్నారు.

అతని పని పెద్ద బిల్డింగుల అద్దాలు తుడవడం. పై అంతస్తు నుంచి తాళ్లతో దింపే ఇనుప తొట్టిలో నిలబడి తుడవాలి. దాన్ని క్రేడిల్ అంటారు. జట్టులోని మిగతా ఏడుగురూ అదే పనివాళ్లు, ఒకే క్యాంపు వాళ్లు. అతని కాంట్రాక్టు అయిపోయింది. ఫైనల్ పోటీ జరిగే శుక్రవారం దాటాక, ఆదివారం నాడు అతని విమానం. మళ్లీ రాకుండా వెళ్లిపోవడం. పోటీకి వారం ముందు నాతో అన్నాడు:

"అన్నా, పదకొండేండ్లు అద్దాలు తుడిచినా. లోపల కూసున్నోళ్లు ఆ అద్దంలోంచి సముద్రం సూస్తారు, రోడ్డు సూస్తారు. నన్ను సూసినోడు ల్యాడు. ఫైనల్లో ఒక్కసారి నిలబడి పోతా. జనం నన్ను సూడాల. అది సాలు నాకు."

"చూడాలంటే చూడదగ్గది చూపించాలి తమ్ముడూ."

"సూపిస్తాం గదన్నా. ఆర్నెల్ల నుంచి ఫోన్లో వీడియో పెట్టుకోని నేర్చుకుంటాండాం. ఒక్క స్టెప్పు గూడా తప్పితే అడుగు."

నిజమే. ఒక్క స్టెప్పు కూడా తప్పలేదు. వాళ్ల నేరం అదే.

మొదట వేషం గురించి చెప్పాలి. నారింజరంగు గుడ్డ, పట్టులా మెరిసేదే కానీ పట్టు కాదు. ఎనిమిది మందికీ ఒకే కొలత మీద కుట్టించినట్టున్నారు. లావుగా ఉన్నవాళ్లకు బిగిసింది, సన్నగా ఉన్నవాళ్ల మీద ఆరేసినట్టు వేలాడింది. తలపాగాలు కట్టినవి కావు. అట్టకు గుడ్డ చుట్టి, జిగురు పెట్టి అంటించి, టోపీలా తలకు తగిలించుకున్నారు. నా పక్కన కూర్చున్న సర్దార్జీకి తలపాగా అంటే రోజూ ఉదయం ప్రార్థనతో చుట్టుకునే విశ్వాసం. ఆయన ముందుకు జిగురు టోపీలతో రావడానికి వీళ్లకు సిగ్గు వెయ్యలేదు. ఆయన తరఫున నాకే మండింది.

తర్వాత నవ్వు. పాట మొదలవగానే ఎనిమిది నోళ్లూ ఒకేసారి తెరుచుకున్నాయి, దిగేదాకా మూతపడలేదు. పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నవాళ్లు కూడా మధ్యలో ఒకసారి నోరు మూస్తారు.

ఇక ఆట. భాంగ్రా ప్రాణం మోకాళ్లలో ఉంటుంది. కాలు నేలను నొక్కాలి, నేల మనిషిని పైకి తొయ్యాలి, ఆ తోపుకు భుజాలు ఎగరాలి. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు, డోలు చెవిన పడ్డవాడి ఒంటికే తెలుస్తుంది. వీళ్లకు నడుము పైన మాత్రమే ఆట. చేతులు గాలిలో తిరుగుతున్నాయి, కాళ్లు నేలకు మేకులు కొట్టినట్టున్నాయి. క్రేడిల్‌లో కాలు కదిపితే తొట్టి ఊగుతుంది కదా, ఆ భయాన్ని గట్టి నేల మీదికి కూడా మోసుకొచ్చారు. చేతులు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పోతుంటే నాకైతే కనపడని అద్దాన్ని ఎనిమిది మంది తుడుస్తున్నట్టే అనిపించింది.

నాయకుడి మెడలో డోలు వేలాడుతోంది. పుల్లలు రెండు చేతుల్లోనూ ఆడుతున్నాయి. మోత మాత్రం స్పీకర్లలోంచి వస్తోంది. పుల్ల చర్మానికి అంగుళం దూరం దాకా వచ్చి ఆగిపోతోంది. నేను వేళ్లు పట్టుకుని నేర్పిన చేతులవి. పెదవులు కదిపి పాడినట్టు నటించేవాణ్ణి మా పాటల గుంపులోంచి లేపి పంపించేస్తాను నేను. నా శిష్యుడు మూడు వందల మంది ముందు డోలును మోసం చేస్తున్నాడు.

రెండో నిమిషంలో ఉన్నట్టుండి పాట ఆగిపోయింది. ఎనిమిది మందీ ఎక్కడివాళ్లక్కడ ఆగి, మెడలు ఎడమవైపు తిప్పి చూశారు. అటు చూస్తే ఏమీ లేదు, నల్లటి పరదా తప్ప. సౌండు చూసే ఫిలిప్పీనో అతను ఉలిక్కిపడి లేచి వైర్లు లాగి చూసుకుంటున్నాడు. ఈలోగా వరుసలో మూడోవాడు కుడిచెయ్యి ఎత్తి తలపాగాను రెండుసార్లు తట్టి సర్దుకున్నాడు. జిగురుతో అంటించిన తలపాగాకు సర్దడమేమిటా అనుకున్నాను. ఎనిమిది దెబ్బల కాలం గడిచాక పాట దానంతటదే మొదలైంది. ఎనిమిది నోళ్లూ అదే నవ్వుతో మళ్లీ అందుకున్నాయి.

ఆట అయ్యాక టీచరమ్మ మైకు తీసుకుని హిందీలో మెచ్చుకుంది. పాట ఆగినా కంగారు పడలేదు, నిలబడి అందుకున్నారు, చాలా నిబ్బరం అంది.

నాయకుడు చెమట తుడుచుకుంటూ వచ్చీరాని హిందీలో గర్వంగా అన్నాడు. "పాట ఆగలేదు మేడం. అది మా స్టెప్పే."

టీచరమ్మకు అర్థం కాలేదు. "ఏ స్టెప్పు?"

"ఎడమకు సూసేది మేడం. వీడియోలో ఉండాది."

నమ్మరేమోనని ఫోను తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. ముగ్గురం తలలు వంచి చూశాం. ఏదో దేశంలో ఏదో కాలేజీ జట్టు. పంజాబీ కుర్రాళ్లు, గాలిలో తేలుతున్నట్టు ఆడుతున్నారు. మధ్యలో వాళ్ల పాట ఆగిపోయింది. ఏమైందా అని ఎనిమిది మందీ ఎడమవైపున్న సౌండు బల్ల కేసి చూశారు. ఆ సందులో మూడో కుర్రాడు, ఊడిపోతున్న తలపాగాను సర్దుకున్నాడు. మళ్లీ పాట వచ్చింది, ఆడారు. మావాళ్లు పాటను కూడా ఆ వీడియోలోంచే తీసుకున్నారు కాబట్టి ఆ మౌనం కూడా దాంతోపాటే వచ్చింది. వాళ్లకు జరిగిన పొరపాటును వీళ్లు ఆరు నెలలు సాధన చేశారు.

సర్దార్జీ "అరే యార్!" అని బల్ల మీద కొట్టి, కళ్ల వెంట నీళ్లు కారేదాకా నవ్వాడు. ఆ నవ్వులో విషం లేదు. నవ్వించినందుకే ఎనిమిది మార్కులు వేశాడు. టీచరమ్మ నవ్వు ఆపుకుంటూ ఆరు వేసింది. పద్దెనిమిది వచ్చిన జట్టు ఫైనల్‌కు వెళుతుంది. నేను నాలుగు వేస్తే చాలు. మూడు వేశాను.

మైకు నా చేతికి వచ్చింది. ఆ రోజు నేనన్న మాటల్లో ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను.

"మీరు ఆడింది భాంగ్రా కాదు. ఎవరి తలపాగానో ఊడిపోతే మీరు చెయ్యెత్తారు. కోతి కూడా చూసింది చూసినట్టు చేస్తుంది. కానీ మధ్యలో ఒకసారి గోక్కుంటుంది. ఆ గోక్కోవడమైనా దాని సొంతం. మీ ఆటలో మీ సొంతం ఏదీ లేదు."

తెలుగు వచ్చినవాళ్లు నవ్వారు. రానివాళ్లు పక్కవాళ్లను అడిగి నవ్వారు. మూడోవాడి చెయ్యి మళ్లీ తలపాగా మీదికి వెళ్లింది. ఈసారి నిజంగానే.

బయట బస్సుల దగ్గర నాయకుడు నన్ను పట్టుకున్నాడు. జిగురు టోపీ చంకలో పెట్టుకుని ఉన్నాడు.

"ఏందన్నా, మూడా? ఒక్క మార్కన్నా. ఒక్కటంటే ఒక్కటి."

"ఒక్కటి కూడా లేదు."

"కంపెనీలో చేరిన మొదటిరోజే చెప్తారన్నా. సూపించినట్లే చెయ్యి, సొంత తెలివి వాడొద్దు, వాడితే కిందపడి సస్తావని. అట్లనే నేర్చుకున్యాం. తప్పేముంది?"

"అద్దాలకు తప్పులేదు. ఆటకు తప్పే."

టోపీని రెండో చంకలోకి మార్చుకుని అన్నాడు. "ఆ రాణి కత నువ్వే గదా పిల్లోళ్లకు చెప్పినావు. రాజు మందసం ముందర ఆడతాంటే కిటికీలోంచి సూసి చీదరించుకున్యాదే, ఆ రాణి."

ఇది ఎవరో ఒకరు అంటారని నాకు తెలుసు. వాక్యం తెలిసిన ప్రతివాడూ తనకు మార్కులు తగ్గినప్పుడు ఆ రాణిని తీసుకొచ్చి నా మీద వేస్తాడు.

"రాజు దేవుడి ముందు ఆడాడు తమ్ముడూ. ఎవరినీ చూసి ఆడలేదు. నువ్వు ఫోను ముందు ఆడావు."

"కావొచ్చులే. కిటికీకి అవతల పదకొండేండ్లు నిలబడినోనికి తెలుస్తాది, లోపలోళ్లు ఎట్ల సూస్తారో. నువ్వు అట్లనే సూసినావు ఈ పొద్దు." అని బస్సెక్కాడు.

నాకు ఏమీ అనిపించలేదని రాస్తే అబద్ధమవుతుంది. కానీ మార్కు మార్చాలని అనిపించలేదు. నిద్ర కూడా పట్టింది.

మరుసటి శుక్రవారం ఆరాధనకు వచ్చాడు. "వందనాలన్నా" అని మామూలుగానే పలకరించి డోలక్ ముందు కూర్చున్నాడు. ఆ రోజు మా పాత కీర్తన ఒకటి పాడాం. దాని మూడో చరణంలో ఒకచోట పాట నాలుగు దెబ్బల సేపు ఆగుతుంది. గొంతులు, డోలక్, తాళాలు అన్నీ ఆగిపోతాయి. కళ్లు మూసుకుని అందరం తలలు కొద్దిగా వంచుతాం. ఆ తర్వాత మళ్లీ అందుకుంటాం. మా సంఘంలో ఆ పాటకు పేరొచ్చింది ఆ ఆగడం వల్లనే. కొత్తగా చేరినవాళ్లకు నేను మొదట నేర్పేది అదే. అల్ వుకైర్ నుంచి వచ్చే ఇళ్లలో పనిచేసే అక్కలు ఆ చోట కళ్లు తుడుచుకుంటారు.

ఆరాధన అయ్యాక టీ తాగుతుండగా అడిగాడు.

"అన్నా, మూడో చరణంలో నాలుగు దెబ్బలు ఎందుకాగాల?"

"మనసు దేవుడి ముందు నిలబడ్డానికి."

"ఎవరు చెప్పినారు?"

"మా పెద్దాయన అలాగే పాడేవారు."

"ఆగమని చెప్పినాడా? ఆయన ఆగుతాంటే నువ్వు సూసి ఆగినావా?"

నాకు కోపం వచ్చింది. "ఆయన్ని ఎవరూ ప్రశ్నలు వేసేవారు కాదు."

"రెండేండ్ల కింద నేను ఇదే అడిగితే నువ్వేమన్యావో గ్యాపకముందా? అడగొద్దు, అట్లనే ఆగాల అన్యావు." టీ కప్పు కింద పెట్టాడు. "మా మూడోవోడు గూడా నన్ను అడిగినాడన్నా. తలపాగా గట్టిగానే ఉండాదే, చెయ్యి ఎందుకెత్తాల అని. నేను ఏం చెప్పినానో తెల్సా? అడగొద్దు, అట్లనే ఎత్తాల అన్యా. ఆ మాట యాడ నేర్చుకున్యానో మొన్న నువ్వు మైకులో తిడతాంటే గ్యాపకమొచ్చింది."

చెప్పడానికి చాలా ఉందనుకున్నాను. పెద్దాయన పక్కన ముప్పై ఏళ్లు కూర్చున్నవాణ్ణి నేను, ఫోనులో చూసి నేర్చుకున్నవాణ్ణి కాదు అనుకున్నాను. ఆ మౌనంలో ఎంతమంది కన్నీళ్లు పెట్టుకున్నారో వీడికేం తెలుసు అనుకున్నాను. వీడి నీతులు వీడి జిగురు టోపీకే సరిపోతాయి అనుకున్నాను.

అయినా శనివారం మా ఊరికి ఫోను చేశాను. పెద్దాయన పోయి ఆరేళ్లవుతోంది. వాళ్ల అమ్మాయి ఎత్తింది. అవీ ఇవీ మాట్లాడి, ఆ చరణం దగ్గర నాన్నగారు ఎందుకు ఆగేవారని అడిగాను.

"ఆ పాటలోనా అండీ? నాన్నకి ఆయాసం కదండీ! ఆ లైను పొడుగండీ, ఊపిరి అందేది కాదు. ఇలా పక్కకి తిరిగి తల వంచి ఆయాసం మందు పంపు పీల్చుకునేవారు. మీరు పక్కనే కూర్చునేవారుగా, చూళ్లేదా అండీ?"

"నేను కళ్లు మూసుకునేవాణ్ణమ్మా."

"అయ్యో, అదా!" అని నవ్వింది. "ఇప్పుడు ఇక్కడ ఎవరూ ఆగట్లేదండీ. గడగడా పాడేస్తున్నారు. ఏం, మీరింకా ఆగుతున్నారా?"

బస్సులో పిల్లలు లేనప్పుడు నాలో నేను చాలా మాట్లాడుకుంటాను. ఆ వారమంతా మాట్లాడుకున్నాను. ఎటు తిప్పి చూసినా ఒక సంగతి కదల్లేదు. వాళ్ల ఆట చెత్త. మూడుకు మించి ఒక్క మార్కుకు కూడా అది తగదు. ఇప్పటికీ అదే అంటాను. వాళ్ల మీద నాకున్న చీదర ఏమీ తగ్గలేదు. కాకపోతే అందులో ఇంకొకరికి కూడా వాటా ఇవ్వవలసి వచ్చింది. ఎనిమిది మంది భాంగ్రా వీడియోకు మోసపోతే నష్టమేముంది? నేను నలభై మందితో ఒక ముసలాయన ఆయాసానికి తలలు వంచించాను, అదీ దేవుడి సన్నిధిలో, అడగొద్దని గదిమి మరీ.

ఫైనల్ రోజు వచ్చింది. సాయంత్రం పోటీ, ఉదయం ఆరాధన. నాయకుడికి ఇక్కడ అదే ఆఖరి ఆరాధన. సాయంత్రం వాళ్ల జట్టు ప్రేక్షకుల్లో కూర్చోబోతోంది. ఆ కీర్తన నేనే ఎత్తాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు.

మూడో చరణం వచ్చింది. నేను ఆగలేదు.

నలభై గొంతులు ఆగిపోయాయి. తలలన్నీ అలవాటుగా వంగాయి. నా గొంతు ఒక్కటే ఆ మౌనంలోకి వెళ్లిపోయింది. ఆ పొడుగు లైనులో ఊపిరి ఎక్కడ పోతుందో పెద్దాయనకు తెలిసినట్టే నాకూ తెలిసింది. ముందు వరుసలో ఒకావిడ కళ్లు తెరిచి, నేను తప్పు పాడుతున్నానని జాలిగా చూసింది. పాస్టరు గారు కూడా చూశారు. రెండో దెబ్బకు నా కింద నేల లేదనిపించింది.

మూడో దెబ్బకు నాయకుడి డోలక్ మోగింది. ఎడమచెయ్యి కొంచెం ఆలస్యంగా పడింది కానీ చర్మం మీదే పడింది. గదంతా వినిపించేలా పడింది. ఆ దెబ్బ మీద కాలు పెట్టి లైను పూర్తి చేశాను. ఒక్కొక్కరే తలలెత్తి అందుకున్నారు. కళ్లు తెరిచే ఉన్నాను కాబట్టి, అందరూ అతన్నే చూడడం నేను చూశాను.

ఆమేన్ అయ్యాక అతను నా వైపు చూసి, లేని తలపాగాను రెండుసార్లు తట్టి సర్దుకున్నాడు.

చెప్పులు వేసుకునే చోట నా పక్కకు వచ్చాడు. "ఈ పొద్దు ఎంతన్నా, పదికి?"

"నాలుగు," అన్నాను.